బేస్ రైలు

హరిత కాలి ఎముక విరగలేదు. విరిగి ఉంటే ఇంతకంటే సులువయ్యేదని ఆపరేషన్ చేసిన డాక్టరే అన్నాడు. ఎముకైతే తనంతట తాను అతుక్కుంటుందట. చీలమండను పక్క నుంచి పట్టి ఉంచే లిగమెంటు తెగితే మాత్రం లాగి కుట్టాలి, కుట్టింది గట్టిపడేదాకా కదలకుండా ఉంచాలి, ఆ తర్వాత నడక మొదటి నుంచి నేర్పాలి. మిగతా చాకిరీ ఎవరు చెయ్యాలో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇంట్లో తల్లి అనే మనిషి ఒకతె ఉంటుందని ఆయనకు తెలుసు కాబోలు.

పోనీ నలుగురికీ చెప్పుకోదగ్గ చోట పడిందా అంటే అదీ లేదు. సెక్టర్ 6 మార్కెట్లో గుప్‌చుప్ బండి దగ్గర, చేతిలో దొన్నె పట్టుకుని ఫుట్‌పాత్ దిగుతూ కాలు మెలిక పెట్టుకుంది. పానీపూరీని ఈ హిందీ ఊళ్ళో గుప్‌చుప్ అంటారు. దొన్నెలోంచి చుక్క నీరు ఒలకలేదని దాని స్నేహితురాలు అరుణజ్యోతి ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. ఆ చీలమండ చిన్నప్పటి నుంచీ అంతే. ఖోఖోలో ఒకసారి, సైకిలు దిగుతూ ఒకసారి, ఎవరి పెళ్ళిలోనో డాన్సు చేస్తూ ఇంకోసారి మెలిక పడింది. ప్రతిసారీ కొబ్బరినూనె రాసి గుడ్డ కట్టాను. వదులవుతూ వచ్చి వచ్చి ఆఖరికి ఆ బండి దగ్గర తెగింది.

మా అమ్మాయిది కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగమైతే ఇంత గొడవ ఉండేది కాదు. ఇక్కడి ఉక్కు ప్లాంటు లోపల బయటివాళ్ళకు తెలియని పెద్ద రైల్వే ఒకటి ఉంది. హరిత అక్కడ డీజిల్ ఇంజను నడుపుతుంది. ఫర్నేసులో కరిగిన ఇనుమును లాడిళ్ళనే పెద్ద పెద్ద బానల్లో నింపి బళ్ళ మీద పెడితే, వాటిని ఉక్కు చేసే మెల్టింగ్ షాపు దాకా వెనక నుంచి నెమ్మదిగా నెట్టుకెళ్ళడం దాని పని. ఆ పట్టాలు వేసి సరిచేసే గ్యాంగుకి మా ఆయన బలరాం మేట్‌గా, అంటే పెద్దగా, చేసి రిటైరయ్యారు. తండ్రి వేసిన పట్టా మీద కూతురి బండి అని ఆయన చెప్పని మనిషి సెక్టర్ 7లో లేడు. కొత్తిమీర కట్ట కొనడానికి వెళ్ళి కూడా ఆ మాటే చెప్పి వస్తారు, కొత్తిమీర మర్చిపోతారు.

నేను బొబ్బిలి పక్క నుంచి పెళ్ళై ఇక్కడికి వచ్చిన దాన్ని. వచ్చిన నాటి నుంచి ఆయన షిఫ్టులు చూశాను. ఆయన రిటైరైతే ఇక నిద్రపోవచ్చనుకున్నాను. ఆ ఏడాదే దీనికి ఇంజను ఇచ్చారు. మళ్ళీ అదే అలారం, అదే టిఫిన్ క్యారియరు, ఉతికినా పోని అదే ఎర్ర ధూళి. నాకు అలసట కొత్త కాదు గానీ, ఈసారి అది ఎముకల్లోకి దిగింది.

ఆపరేషనయ్యాక సిమెంటు కట్టు, అది తీశాక మోకాలి కింద దాకా వచ్చే లావుపాటి బూటు, అదీ తీశాక ఉత్త కాలు. పిక్క సన్నబడి చిన్నపిల్ల కాలిలా అయిపోయింది. నెలాఖరులో ప్లాంటు డాక్టరు ముందు ఫిట్‌నెస్ పరీక్ష. కంకర మీద నడిపిస్తారు, ఇంజను మెట్లు ఎక్కించి దించుతారు. గట్టిగా నడిస్తే మళ్ళీ ఇంజను. లేకపోతే స్టోర్సులో కుర్చీ, బోల్టులూ నట్లూ రాసుకోవడం. ఒకసారి అటు వెళ్ళినవాళ్ళు తిరిగి ఇంజను ఎక్కింది తను చూడలేదని హరిత అంది. అలా అని పైకి మామూలుగానే చెప్పింది గానీ, రోజూ పొద్దున్నే గోడకి చెయ్యి ఆనించి ఒంటికాలి మీద నిలబడేటప్పుడు దాని ముఖం చూస్తే నాకు తెలిసేది.

నడక నేర్పే ఫిజియో పేరు రజనీకుమారి. మన పిల్లే, ఇక్కడే పుట్టి పెరిగింది. నేల మీద పరిచిన తువ్వాలును కాలివేళ్ళతో దగ్గరికి లాక్కోమంటుంది, మెత్తటి దిండు మీద నిలబెడుతుంది, మడమ ఎత్తి దించమంటుంది. ఇంటికొచ్చాక అవన్నీ మళ్ళీ చెయ్యాలి. ఐసు పెట్టాలి, కాలు ఎత్తులో ఉంచాలి, స్నానాల గదిలో స్టూలు వెయ్యాలి. ఆవిడ ఇచ్చిన కాగితంలో ఈ వ్యాయామాలన్నీ హరితవేనని రాసి ఉంటుంది గానీ, చేసి చూస్తే నడుం నొప్పి నాకు వచ్చింది.

చేతికర్ర లేకుండా వరండాలో మొదటిసారి నడిచిన రోజున మా ఆయన పేపరు పక్కన పెట్టి చూస్తూ కూర్చున్నారు. హరిత ఆ చివరి దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"ఆగు" అన్నారు.

అది ఆగింది. ఆయన లేచి వరండా ఈ చివర గొంతుక్కూర్చున్నారు. తల వంచి, చెంప ఇంచుమించు నేలకి ఆనించి, ఒక కన్ను మూశారు. ఆ వాలకం నాకు బాగా తెలుసు. పట్టా వంకర ఉందో లేదో మేట్ అలాగే చూస్తాడు. పట్టాలోని ఇనుప కమ్మీని వాళ్ళు రైలు అంటారు. ఆ రైలు మీద చెంప ఆనించి దూరం దాకా ఒంటికంటితో చూసి, వంకర ఎక్కడుందో చేత్తో చూపిస్తే, గ్యాంగువాళ్ళు గడ్డపారలతో పట్టాని ఆ పక్కకి నెడతారు. ఆయన కంటికి దొరకని వంకర లేదని ఆ రోజుల్లో ఆఫీసర్లు కూడా అనేవారు. పండక్కి వేసిన ముగ్గుని కూడా అలాగే చూసేవారు. చూసి ఊరుకునేవారు కాదు.

"రా" అన్నారు. హరిత రెండడుగులు వేసింది. "లైను తప్పింది. పాదం బయటికి పోతన్నాది. డాక్టరు కుట్టినప్పుడే వారగా కుట్టీసినట్టున్నాడు."

"అలా అనకండి. ఆ ఫిజియో మేడమ్మ రోజూ చూస్తంది కదా, ఆవిడకి తెలీదేటి?" అన్నాను.

"ఆవిడ వాపు చూస్తంది, బలం చూస్తంది. లైను ఎవులు చూస్తన్నారు? పర్వాలేదమ్మా, దీన్ని తీసీవచ్చు. ఇప్పుడే పచ్చిగా ఉంది కాబట్టి మాట వింటాది."

ఆ సాయంత్రమే సుద్దముక్క తెచ్చి వరండా ఈ చివర నుంచి ఆ చివరికి గీత గీశారు. దారం పట్టుకోవడానికి నన్ను పిలిచారు. నేను పొయ్యి మీద పప్పు వదిలి వెళ్ళి పట్టుకున్నాను. గీత ఎంత సూటిగా వచ్చిందో చూసి ఆయన ముఖం వెలిగింది. రిటైరైనప్పటి నుంచి ఆ ముఖంలో అలాంటి వెలుగు నేను చూడలేదు.

ఇక రోజూ పొద్దునా సాయంత్రం అదే పని. హరిత ఆపరేషనైన కుడి పాదాన్ని గీత మీద పెట్టి నడవాలి. ఆయన ఈ చివర గొంతుక్కూర్చుని ఒక కన్ను మూసి చూస్తారు.

"లోపలికి తల్లీ. ఇంకొద్దిగా. ఇంకొంచెం. బస్. అక్కడ ఉంచు. ఇప్పుడు రా."

హరిత నాతో అన్నింటికీ వాదిస్తుంది. తలకి నూనె పెట్టుకోమన్నా వాదనే. తండ్రి మాట దగ్గర మాత్రం నోరెత్తదు. చిన్నప్పుడు ఆయన భుజం మీద కూర్చుని షంటింగు ఇంజన్లు చూసిన పిల్ల. "మేట్ సాబ్ బోల్ దియా తో ఫైనల్ అమ్మా" అని నవ్వి, పళ్ళు బిగించి, పాదం లోపలికి తిప్పి నడిచేది. మాట్లాడితే సగం హిందీ, కోపం వస్తే మొత్తం హిందీ. కొన్నాళ్ళకి ఆయన దగ్గర కూర్చోకపోయినా నడక సూటిగా రాసాగింది. ఆయన ఎదురింటి సత్యప్రసాద్‌గారిని పిలిచి మరీ చూపించారు. ఆయన ప్లాంటులో ఇంజనీరు, మర్యాదస్తుడు. చూసి బాగుందనే అన్నారు.

బాగున్నది గీత ఒక్కటే. కాలు బాగాలేదు. సాయంత్రమయ్యేసరికి చీలమండ బయటి పక్క ఉబ్బేది. ఐసు పెడుతుంటే కుట్టు దగ్గర వేలు తగిలినా కాలు వెనక్కి లాక్కునేది. తర్వాత మోకాలు మొదలైంది. మోకాలికేమైంది, మోకాలు కోశారా అని నేను విసుక్కున్నాను. విసుక్కుని, మళ్ళీ నేనే వేడినీళ్ళ సంచి తెచ్చి పెట్టాను.

రజనీకుమారి కాలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, మొహం ముడుచుకుంది.

"పోయిన వారం దీనికంటే బాగుంది కదా. ఇంట్లో ఏం చేస్తున్నావ్ హరితా? ఎక్స్‌ట్రా ఏమైనా చేస్తున్నావా?"

"కుఛ్ నహీ దీదీ. మీరు చెప్పినవే" అంది హరిత. నా వైపు చూసింది. చెప్పొద్దని ఆ చూపు. చెప్తే గీత ఆపించేస్తారని దాని భయం. గీతే తనని ఇంజను ఎక్కిస్తుందని నమ్మకం.

"ఆంటీ, ఇలాగే ఉంటే నెలాఖరుకి నేను ఓకే చెప్పలేను. కుట్టు మీద ఎక్కడో లాగుడు పడుతోంది. రెస్ట్ ఇవ్వండి. పరీక్షలో కంకర మీద ఇలా నడిస్తే వాళ్ళు పాస్ చెయ్యరు, చెయ్యకూడదు కూడా."

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో హరిత ప్లాంటు వైపు చూస్తూ కూర్చుంది. చిమ్నీల మీద పొగ కదలకుండా నిలబడి ఉంది, ఎండ అలా ఉంది. నాకూ ఒళ్ళు కూలిపోతోంది. అందుకే అన్నానేమో, లేకపోతే చాలాకాలంగా మనసులో ఉండి అన్నానేమో.

"స్టోర్సులో కుర్చీ అంటే అంత చెడ్డదేటే? పొద్దున్నే ఎల్తావు, సాయంత్రం వస్తావు. ఆదివారం ఇంట్లో ఉంటావు."

అది నా వైపు తిరిగింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు.

"అమ్మా, లాడిల్ వెనక ఉన్నప్పుడు మొత్తం బండి బరువు నా చేతికి తెలుస్తుంది. బ్రేక్ కొంచెం గట్టిగా పడినా లోపల ఇనుము ఊగుతుంది. ఊగనివ్వను. అది నాకు వచ్చు. ఇంకేదీ నాకు అంత బాగా రాదు." మళ్ళీ ప్లాంటు వైపు తిరిగి, "వో కుర్సీ మే బైఠ్ కే మై మర్ జావూంగీ" అంది. ఆ కుర్చీలో కూర్చుంటే చచ్చిపోతుందట.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఎవరూ సరిగా తినలేదు. తెల్లారితే శుక్రవారం. వరండా కడగాలి. చీపురు, బకెట్టు తీసుకుని బయటికొచ్చాను. సుద్దగీత మీద నీళ్ళు పడకుండా కడగమని ఆయన హుకుం. గీతకి ఈ పక్క సగం, ఆ పక్క సగం కడుగుతూ, కట్టుకున్న మొగుడు తెచ్చిన తద్దినానికి నన్ను నేనే తిట్టుకుంటున్నాను. నడుం నొప్పి పుట్టి లేచి నిలబడ్డాను.

సందు చివర, పాల బూతు దగ్గర నుంచి రిటైరైనవాళ్ళు నలుగురైదుగురు వస్తున్నారు. అందరివీ తెల్ల లాల్చీలే, అందరివీ బట్టతలలే. ఎండ ఎదురుగా ఉండి ముఖాలు కనిపించడం లేదు. అయినా మా ఆయన ఎవరో నాకు తెలిసింది. నడకని బట్టి. పాదాలు రెండూ చెరో పక్కకి విసురుకుంటూ, ఎవరో దారి ఇవ్వాల్సినట్టు నడుస్తారు. పెళ్ళైన కొత్తలో షిఫ్టు దిగి గ్యాంగంతా గుంపుగా వచ్చేవాళ్ళు, అందరి ముఖాలూ ఒకే ధూళి. వంటింటి కిటికీలోంచి ఆ పాదాలు చూసి టీకి నీళ్ళు పెట్టేదాన్ని. తర్వాత తర్వాత హరితకీ అలాగే పెట్టాను. హెల్మెట్ పెట్టుకుని, పాదాలు రెండూ చెరో పక్కకి విసురుకుంటూ వస్తుంటే.

చీపురు చేతిలో ఉండగానే అక్కడే నిలబడిపోయాను.

హరిత ఎప్పుడూ అలాగే నడిచింది. గుప్‌చుప్ బండి దగ్గర పడకముందూ అలాగే, బడికి వెళ్ళే రోజుల్లోనూ అలాగే. రెండు పాదాలూను. డాక్టరు వారగా కుట్టలేదు. కాలు తన మామూలు నడకకి తిరిగి వస్తోంది. వస్తున్న దాన్ని పట్టుకుని మేము సుద్దగీత మీదకి మెలిపెడుతున్నాం.

ఆయన పాలు తెచ్చి ఇచ్చారు. నేను తీసుకుని లోపలికి వెళ్ళాను. ఏమీ అనలేదు.

ఎందుకు అనలేదో దాచుకోవడమెందుకు. పాలు కాగేదాకా ఆలోచించాను, అన్నం ఉడికేదాకా ఆలోచించాను. నేను నోరు మూసుకుంటే చాలు, ఏ పాపమూ చెయ్యక్కర్లేదు. గీత ఉంటుంది, వాపు ఉంటుంది, పరీక్షలో కాదంటారు. స్టోర్సులో కుర్చీ. దీపావళికి పిల్ల ఇంట్లో ఉంటుంది. కరిగిన ఇనుము వెనక కూతురు ఉందని తలుచుకుంటూ పడుకోనక్కర్లేదు. నాకు నిద్ర కావాలి. ఆకలి లాంటిదే ఇదీ. ఎవరు ఏమనుకున్నా సరే, ఆ రోజు మధ్యాహ్నం దాకా నాకు మాట్లాడాలనిపించలేదు.

భోజనాలయ్యాక ఆయన కూలర్ ముందు పడుకున్నారు. నేను గిన్నెలు తోముతుంటే వరండాలో అడుగుల చప్పుడు. హరిత ఒక్కతే గీత మీద నడుస్తోంది. రెస్ట్ ఇవ్వమని రజనీకుమారి చెప్పి ఒక్క రోజు కూడా కాలేదు. పాదం లోపలికి తిప్పుతోంది, మోకాలు దాంతో పాటు లోపలికి మడుచుకుపోతోంది, కింది పెదవి పళ్ళ కింద ఉంది. చివరికి వెళ్ళి గోడ పట్టుకుని నిలబడి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ తిరిగి గీత మీద పాదం పెట్టింది. అంత మొండితనం నా కడుపున ఎలా పుట్టిందో తెలియదు. నాకు దాని మీద కోపం వచ్చింది, జాలి వచ్చింది, దాన్ని చూసి గర్వం కూడా వచ్చింది. నిద్ర సంగతి తర్వాత చూసుకుందామనుకున్నాను.

సాయంత్రం ఆయన సుద్దముక్క తీసుకుని, చెరిగిన చోట్ల గీత దిద్దడానికి వంగారు. నేను బకెట్టు నిండా నీళ్ళు తెచ్చి, సగం ఆయన పాదాల మీద కుమ్మరించాను.

"ఏటే ఇది? నీకేటైనా ఎక్కిందేటి?"

"ఆ చివరిదాకా నడవండి."

"ఎందుకు?"

"నడవండంటన్నాను. ఇన్నాళ్ళూ నేను మీ దారం పట్టుకున్నాను కదా. ఒక్కసారి నా మాట వినండి."

నా గొంతులో ఏం వినిపించిందో, ఆయన గీత పక్కనే నడిచారు. పొడి నేల మీద తడి అడుగులు ఒక్కొక్కటే పడ్డాయి. హరిత గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఇప్పుడు ఇటొచ్చి కూర్చోండి. మీరు చూసినట్టే చూడండి. కన్ను మూసుకుని."

ఆయన గొంతుక్కూర్చున్నారు. తల వంచి, ఒక కన్ను మూసి చూశారు. గీత సూటిగా ఉంది. దాని పక్కన ఆయన అడుగులు కుడివి కుడికీ, ఎడమవి ఎడమకీ, బొటనవేళ్ళు బయటికి తిరిగి ఉన్నాయి. ఒక్క అడుగు కూడా గీతతో కలవలేదు.

"హరితా, ఇలా రా. నీ మంచి కాలు. ఎడమది. అది ఎవులూ కొయ్యలేదు కదా. తడిపి, నాన్న అడుగు పక్కన పెట్టు. తిప్పకుండా పెట్టు. మామూలుగా."

అది నా భుజం పట్టుకుని, ఎడమ పాదం బకెట్టులో ముంచి, ఆయన ఎడమ అడుగు పక్కన పెట్టి తీసింది. చిన్న పాదం, అంతే తేడా. అంతే బయటికి తిరిగి ఉంది. ఆయన అడుగును ఇంకోసారి వేసినట్టే ఉంది.

ఎండాకాలం కదా, చూస్తుండగానే అడుగుల అంచులు ఆరడం మొదలుపెట్టాయి. ఆయన ఇంకా ఒక కన్ను మూసుకునే ఉన్నారు.

"బేస్ రైలు చూడలేదు" అన్నారు.

"క్యా?" అంది హరిత.

"పట్టా అంటే రెండు రైళ్ళమ్మా. రెంటినీ విడివిడిగా లైను తియ్యకూడదు. ఒకదాన్ని బేస్ అనుకోవాలి. బాగున్నదాన్ని. రెండోదాన్ని దాన్నుంచి కొలుచుకుని సర్దాలి. కొత్తగా చేరిన కుర్రాడికి కూడా మొదటి రోజు ఇదే చెప్తాం." ఆరిపోతున్న ఎడమ అడుగు మీద ఆయన చెయ్యి పెట్టారు. "మంచి కాలు పక్కనే ఉంది. దాని వైపు చూడకుండా సుద్దగీత గీసినాను. ఇన్నాళ్ళూ నిన్ను నడిపించీసినాను. నీకు నొప్పెట్టలేదేటి?"

"నొప్పెట్టింది."

"మరి చెప్పలేదేటి?"

"మీరు చూస్తున్నారు కదా నాన్నా" అంది హరిత.

లేవడానికి ఆయనకి చెయ్యి ఇచ్చాను, తీసుకోలేదు. తనంతట తనే లేచి, లోపల్నుంచి నా వంటింటి మసిగుడ్డ తెచ్చి, వరండా ఆ చివర నుంచి ఈ చివరి దాకా మోకాళ్ళ మీద పాకుతూ గీత తుడిచారు. ఆయన నేల తుడవగా నేను చూడ్డం అదే మొదలు. సాయం చేస్తానని నేను అనలేదు. కొంచెం సుద్ద మిగిలిపోయిందని మాత్రం చూపించాను.

మర్నాడు రజనీకుమారి దగ్గరికి ఆయన కూడా వచ్చారు. జరిగిందంతా ఆయనే చెప్పారు, ఏదీ తగ్గించలేదు. ఆ పిల్లకి మొదట కోపం వచ్చింది. హరితని మంచం మీద బోర్లా పడుకోబెట్టి, రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత ఆయన్ని నడవమంది. ఆయన నడిచారు. ఆమె పెదవి బిగబట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు.

"అంకుల్, చాలామందికి పాదం కొంచెం బయటికే ఉంటుంది. మీ ఇంట్లో ఇంకొంచెం ఎక్కువ. అది జబ్బు కాదు. లోపలికి తిప్పి నడిపిస్తే కొత్తగా కుట్టిన చోట లాగుతుంది, మోకాలు మెలిక పడుతుంది. ఇక ఆపేయండి. ఆ మంచి కాలు ఎలా ఉంటే ఈ కాలూ అలాగే. అంతే."

"నెలాఖరుకి అవుతాదా అమ్మా?" అని ఆయన అడిగారు. ఆయన అంత చిన్న గొంతుతో మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"చెప్పలేను అంకుల్. ముందు వాపు పోనీండి."

వాపు పోవడానికి తొందరపడలేదు. హరిత మంచం మీద కాలు ఎత్తుకుని పడుకుని, రోజులు దగ్గరపడుతున్నాయని ఫోనులో తేదీ చూసుకునేది. ఐసు నేనే పెట్టాను. మళ్ళీ దిండు మీద నిలబడటం, మళ్ళీ మడమలు ఎత్తడం. ఆయన వరండాలోకి రావడం మానేశారు. హరిత నడిచే వేళకి పని లేకపోయినా బజారుకి వెళ్ళేవారు. కొత్తిమీర మర్చిపోకుండా తెచ్చేవారు.

పరీక్ష రోజున ముగ్గురం వెళ్ళాం. డాక్టరు గది వెనక ఖాళీ స్థలంలో కంకర పోసి ఉంది, దాని చివర పాత ఇంజను మెట్లు నిలబెట్టి ఉన్నాయి. హరిత సేఫ్టీ బూట్లు వేసుకుంది. ఎన్నో నెలల తర్వాత వేసుకుంది. లేసులు రెండుసార్లు విప్పి మళ్ళీ ముడి వేసుకుంది. అది చూసి నేను అటు తిరిగాను. మా ఆయన బెంచీ మీద గోడ వైపు ముఖం పెట్టి కూర్చున్నారు.

"ఇటు తిరగండి. పిలుస్తన్నారు" అన్నాను.

"నేను చూడను. నా కన్ను చూసిన కాడికి చాలు. నువ్వు చూసి చెప్పు."

హరిత కంకర మీద అడుగు పెట్టింది. రాళ్ళు కదిలి చప్పుడైంది. రెండో అడుగు వేసింది. కుడి పాదం ఒక రాయి మీద పడి ఒక పక్కకి ఒరిగింది, హరిత సర్దుకుని నిలబడింది. మళ్ళీ నడిచింది.

"ఎలాగ నడుస్తంది?" అన్నారు ఆయన గోడతో మాట్లాడుతున్నట్టు.

నేను చూశాను. పాదాలు రెండూ చెరో పక్కకి పడుతున్నాయి. ఎవరో దారి ఇవ్వాల్సినట్టు నడుస్తోంది.

"మీలాగే" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి లాల్చీ అంచుతో తుడవడం మొదలుపెట్టారు. హరిత మెట్లు ఎక్కి, దిగి, డాక్టరు ముందు నిలబడేదాకా తుడుస్తూనే ఉన్నారు. డాక్టరు ఇంకోసారి ఎక్కి దిగమన్నాడు. అది ఎక్కి దిగింది. కొంతకాలం చీలమండ పట్టీ వేసుకోమని చెప్పి, డ్యూటీకి వెళ్ళవచ్చన్నాడు. హరిత తండ్రి దగ్గరికి వచ్చి పక్కన కూర్చుని, ఆయన భుజం మీద తల పెట్టింది. నేను నిలబడే ఉన్నాను. బెంచీ మీద మూడో మనిషికి చోటు లేదు.

సోమవారం నుంచి మార్నింగ్ షిఫ్టు. చీకటి ఉండగానే అలారం మోగింది, నేనే లేచాను. చపాతీలు చేసి, క్యారియరు కట్టి, దాన్ని గేటు దాకా దిగబెట్టి, మళ్ళీ పడుకోవాలనుకున్నాను గానీ నిద్ర పట్టలేదు. పట్టదని నాకు తెలుసు. లాడిల్ బళ్ళు, కరిగిన ఇనుము, బ్రేకు, ఇవే కళ్ళ ముందు తిరిగాయి. ఇంకెన్నేళ్ళు ఇలా అనుకుంటే ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. ఏడ్చి, లేచి బియ్యం కడిగాను.

మధ్యాహ్నం షిఫ్టు వదిలే వేళకి వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డాను. మా ఆయన ముందు గదిలో పేపరు పట్టుకుని కూర్చున్నారు, పేజీ మాత్రం తిప్పడం లేదు. స్కూటరు ఇంకా నడపొద్దన్నారు కాబట్టి హరిత షేర్ ఆటోలో వచ్చి మెయిన్ రోడ్డు మీద దిగాలి. ఆటో ఒకటి ఆగింది. నలుగురు దిగారు. నలుగురూ హెల్మెట్లతోనే ఉన్నారు, నలుగురి ముఖాల మీదా ధూళే. ఎండలో కళ్ళు చిట్లించి చూసినా ఎవరెవరో తెలియలేదు.

వాళ్ళు సందులోకి తిరిగి నడవడం మొదలుపెట్టారు. నేను స్టవ్ వెలిగించి టీకి నీళ్ళు పెట్టాను.